నిపుణుని నివేదిక తీర్పు కాదు

2025 జూలైలో పది రోజుల తేడాతో రెండు తీర్పులు వెలువడ్డాయి. 21వ తేదీన బొంబాయి హైకోర్టు, 2006 జూలై 11 నాటి ముంబయి లోకల్ రైళ్ల పేలుళ్ల కేసులో కింది కోర్టు శిక్షించిన 12 మందినీ నిర్దోషులుగా ప్రకటించింది. వారిలో ఐదుగురికి ఉరిశిక్ష, ఏడుగురికి యావజ్జీవ శిక్ష పడి ఉండగా, ఒకరు తాను నిర్దోషినన్న మాట చెవిన పడకుండానే ఖైదీగా కన్నుమూశారు. 31వ తేదీన ముంబయిలోని ఎన్‌ఐఏ ప్రత్యేక న్యాయస్థానం 2008 సెప్టెంబరు 29 నాటి మాలేగావ్ పేలుడు కేసులో నిందితులైన ఏడుగురినీ విడిచిపెట్టింది. మొదటి కేసులో శిక్షపడినవారు ముస్లింలు. రెండో కేసులో ప్రాణాలు పోగొట్టుకున్నవారు ముస్లింలు. నిందితులు హిందూత్వ భావజాలానికి చెందినవారన్నది ప్రాసిక్యూషన్ వాదన.

మొదటి తీర్పు వచ్చిన రోజు కొందరు సంతోషించారు, కొందరు మండిపడ్డారు. రెండో తీర్పు వచ్చిన రోజు ఆ సంతోషమూ ఆ ఆగ్రహమూ చేతులు మారాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినవారు మాత్రం బహు కొద్దిమంది. అలా చదవాలన్నదే మా వినతి. ఎందుకంటే నిందితుల మతం, రాజకీయం, నేపథ్యం వేరువేరైనా, రెండు కేసులూ కుప్పకూలింది ఒకే చోట. అది సాక్ష్యాధారాలను సేకరించిన తీరు, భద్రపరచిన తీరు, వాటిని కోర్టుకు సమర్పించిన తీరు.

ముంబయి కేసులో ప్రాసిక్యూషన్ ప్రధానంగా నేరాంగీకార వాంగ్మూలాలపై ఆధారపడింది. వాటిలో కొన్ని భాగాలు ఒకదానిని చూసి మరొకటి రాసినట్లు ఉన్నాయని హైకోర్టు గుర్తించింది. చిత్రహింసల ఆరోపణలను కొట్టిపారేయలేదు. పట్టుబడ్డాయన్న పేలుడు పదార్థాలు, సర్క్యూట్ బోర్డులు ఫోరెన్సిక్ ల్యాబ్‌కు చేరేవరకు సరైన సీలుతో, సరైన భద్రతలో ఉన్నాయని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయింది. అసలు రైళ్లలో పేలినవి ఏ రకం బాంబులో కూడా రికార్డులోకి రాలేదు. అలాంటప్పుడు పట్టుబడిన పదార్థానికీ, పేలిన బాంబుకూ ముడి ఎలా పడుతుంది? మాలేగావ్ కేసులో పేలుడుకు వాడారన్న మోటారు సైకిల్ ఛాసిస్ నంబరును నిపుణులు పూర్తిగా వెలికితీయలేకపోయారు. ఘటనాస్థలాన్ని వెంటనే కంచె వేసి కాపాడలేదు. సేకరించిన నమూనాలు కలుషితమై ఉండవచ్చని కోర్టు భావించింది.

ముంబయి రైళ్లలో 180 మందికి పైగా మరణించారు. మాలేగావ్‌లో ఆరుగురు మరణించారు. వీరిని చంపినది ఎవరన్న ప్రశ్నకు ఇన్నేళ్ల తర్వాత కూడా సమాధానం లేదు. తప్పుడు సాక్ష్యం నిర్దోషిని జైలుకు పంపుతుంది; అదే సమయంలో దోషిని స్వేచ్ఛగా తిరగనిస్తుంది. ఈ రెండు అన్యాయాలు వేరువేరు కావు. సాక్ష్య నియమాల గురించి మాట్లాడేవారు నేరస్తులను కాపాడుతున్నారన్న నింద మనం తరచూ వింటుంటాము. ఆ నిందకు ఈ రెండు తీర్పులకన్నా గట్టి జవాబు లేదు.

ముంబయి తీర్పుపై మహారాష్ట్ర ప్రభుత్వం వెనువెంటనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. విడుదలైనవారు తిరిగి జైలుకు వెళ్లనవసరం లేదని, అయితే ఆ తీర్పును ఇతర కేసులలో ప్రమాణంగా చూపరాదని జూలై 24న సుప్రీంకోర్టు ఆదేశించింది. మాలేగావ్ తీర్పుపై హైకోర్టు తలుపు తట్టవలసి వచ్చింది మాత్రం మృతుల కుటుంబీకులు. ఈ తేడాను మేము గుర్తించకుండా ఉండలేము. కానీ నేటి మా సంపాదకీయం ఆ తేడా గురించి కాదు. అంతకన్నా లోతైన, అంతకన్నా దీర్ఘకాలం మన పిల్లల భవితవ్యాన్ని నిర్ణయించబోయే ఒక విషయం గురించి.

బ్రిటిష్ పాలకులకు తమ పోలీసుల సంగతి బాగా తెలుసు. కోస్తా ఆంధ్ర, రాయలసీమ జిల్లాలు కూడా భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో పన్నుల వసూలుకూ నేరవిచారణకూ జరుగుతున్న చిత్రహింసలపై 1855లోనే ఒక కమిషన్ నివేదిక ఇచ్చింది. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదన్న నియమం 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చోటుచేసుకుంది. తర్వాత అదే 1872 సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ అయింది. ఇప్పుడు 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్‌గా కొనసాగుతోంది. పరాయి పాలకులు సైతం అవసరమనుకున్న ఈ రక్షణను స్వతంత్ర భారత శాసనసభలు కొన్ని చట్టాలలో తీసివేశాయి. 1987 టాడా 15వ సెక్షన్, 1999 మహారాష్ట్ర మకోకా 18వ సెక్షన్, 2002 పోటా 32వ సెక్షన్ - ఇవన్నీ ఉన్నత పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని సాక్ష్యంగా అనుమతించినవే. ముంబయి కేసులోని వాంగ్మూలాలు ఆ దారినే వచ్చాయి.

నేరాంగీకార వాంగ్మూలాలపై న్యాయస్థానాలకు నమ్మకం సడలుతున్న కొద్దీ దర్యాప్తు సంస్థలు మరో ఆధారం వైపు మొగ్గుతున్నాయి. అదే నిపుణుని నివేదిక. వేలిముద్రలు, డీఎన్‌ఏ, చేతిరాత, పేలుడు పదార్థాల పరీక్ష, ఫోనులోంచి తీసిన సమాచారం, మాంసం నమూనా పరీక్ష. ఇది మంచి పరిణామమే. లాఠీ కన్నా సూక్ష్మదర్శిని మేలు. అయితే ఒక ప్రమాదం ఉంది. నేరాంగీకారాన్ని శంకించడం మన సమాజం, మన న్యాయవాదులు నేర్చుకున్నారు. ల్యాబ్ నివేదికను శంకించడం ఇంకా నేర్చుకోలేదు. 'సైన్స్ చెప్పింది' అనగానే తండ్రి తలవంచుతాడు, వకీలు ఫైలు మూసేస్తాడు.

చట్టం మాత్రం తలవంచమనడం లేదు. పాత సాక్ష్య చట్టంలోని 45వ సెక్షన్, కొత్త అధినియంలోని 39వ సెక్షన్ నిపుణుని మాటకు ఇచ్చిన పేరు 'అభిప్రాయం'. సాధారణంగా సాక్షి తాను చూసింది, విన్నది మాత్రమే చెప్పాలి; అభిప్రాయం చెప్పరాదు. ఆ నియమానికి నిపుణుడు ఒక మినహాయింపు. న్యాయమూర్తికి లేని ప్రత్యేక జ్ఞానం అతనికి ఉన్నందువల్ల అతని అభిప్రాయాన్ని వినవచ్చునని చట్టం అంటుంది. అంగీకరించి తీరాలని అనదు. ఆ అభిప్రాయానికి ఆధారమేమిటన్నది కూడా పరిశీలనార్హమేనని అధినియంలోని 45వ సెక్షన్ చెబుతుంది. నిపుణుడు తన నిర్ణయాన్ని మాత్రమే కాక, దానిని పరీక్షించి చూసుకోవడానికి తగిన శాస్త్రీయ ప్రమాణాలను కూడా న్యాయమూర్తి ముందుంచాలని, తుది నిర్ణయం న్యాయమూర్తిదేనని సుప్రీంకోర్టు 1999లో హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో స్పష్టం చేసింది. 'సరిపోలింది' అని ఒక వాక్యం రాసి సంతకం పెట్టిన కాగితం నిపుణుని సాక్ష్యం కాదు. ఎలా సరిపోలింది, ఎన్ని అంశాలలో సరిపోలింది, సరిపోలనివి ఏవి అన్న వివరణతోనే అది సాక్ష్యమవుతుంది.

ఈ పరిశీలన జరగకపోతే ఏమవుతుందో అక్షరధామ్ కేసు చెబుతుంది. 2002 సెప్టెంబరు 24న గాంధీనగర్‌లోని అక్షరధామ్ ఆలయంపై జరిగిన దాడిలో 30 మందికి పైగా మరణించారు. ఆ ఘాతుకానికి పాల్పడిన ఇద్దరూ భద్రతాదళాల కాల్పులలో హతులయ్యారు. వారి దుస్తుల జేబులలో ఉర్దూలో రాసిన రెండు ఉత్తరాలు దొరికాయని, వాటిని రాసింది ఫలానా నిందితుడేనని చేతిరాత నిపుణుడు తేల్చాడని ప్రాసిక్యూషన్ చెప్పింది. కింది కోర్టు నమ్మింది, హైకోర్టు నమ్మింది. ముగ్గురికి ఉరిశిక్ష పడింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఎవరూ పట్టించుకోని ఒక సాధారణ ప్రశ్న వేసుకుంది. తూటాలతో తూట్లుపడి, నెత్తురుతో తడిసిన దుస్తుల జేబులో ఉన్న కాగితాలకు ఒక్క రంధ్రమూ, ఒక్క నెత్తుటి మరకా లేకుండా ఎలా ఉన్నాయి? ఆ ప్రశ్నకు నమ్మదగిన జవాబు రాలేదు. ఆరుగురూ నిర్దోషులుగా విడుదలయ్యారు. చేతిరాత నిపుణునికి అక్షరాల వంపులు తెలియవచ్చు. కానీ ఆ కాగితం ఎక్కడి నుండి వచ్చిందో అతనికి తెలియదు. తనకు అందించిన వస్తువు గురించి మాత్రమే నిపుణుడు మాట్లాడగలడు. ఆ వస్తువు నిజంగా ఘటనాస్థలం నుండే వచ్చిందా, దారిలో ఎవరి చేతులు మారింది అన్నది వేరే రుజువు. ఆ రుజువు లేనప్పుడు ఎంత గొప్ప నిపుణుడి మాటైనా పునాది లేని గోడే.

నిపుణుడు నిజాయితీపరుడైనా పొరపడవచ్చు. 2004 మార్చి 11న స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో రైళ్లలో పేలుళ్లు జరిగి 190 మందికి పైగా మరణించారు. డిటొనేటర్లు దొరికిన సంచిపై ఉన్న ఒక వేలిముద్ర, అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రానికి చెందిన బ్రాండన్ మేఫీల్డ్ అనే న్యాయవాదిదని ఎఫ్‌బీఐ నిపుణులు నిర్ధారించారు. ఆయన ఇస్లాం స్వీకరించిన వ్యక్తి. ఆ వేలిముద్ర ఆయనది కాదని స్పెయిన్ పోలీసులు ముందే చెప్పినా ఎఫ్‌బీఐ పట్టు వీడలేదు. కోర్టు నియమించిన స్వతంత్ర నిపుణుడు కూడా ఎఫ్‌బీఐతోనే ఏకీభవించాడు. రెండు వారాల నిర్బంధం తర్వాత, ఆ వేలిముద్ర ఒక అల్జీరియా దేశీయుడిదని స్పెయిన్ ప్రకటించడంతో ఆయన విడుదలయ్యారు. ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది. అమెరికా ప్రభుత్వం 2006లో 20 లక్షల డాలర్ల పరిహారం చెల్లించింది. మొదటి పొరపాటుకు ఆయన మతం కారణం కాకపోయినా, దాన్ని పునఃపరిశీలించడానికి నిపుణులు వెనుకాడటంలో ఆ నేపథ్యం పాత్ర ఉండి ఉండవచ్చని అమెరికా న్యాయశాఖ అంతర్గత విచారణే పేర్కొంది. ఆ నిపుణులెవరూ అబద్ధం చెప్పలేదు. తాము చూడదలచిందే వారికి కనిపించింది. అమెరికా వంటి దేశంలో, ప్రపంచ ప్రసిద్ధి పొందిన ల్యాబ్‌లో ఇది జరిగిందంటే మన ల్యాబ్‌లు అతీతమని ఎవరనగలరు?

ఇక కొత్త చట్టాల సంగతి. ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్షపడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలాన్ని సందర్శించి ఆధారాలు సేకరించాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షన్ నిర్దేశిస్తోంది. దీని అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల వ్యవధి ఉంది. సోదాలను, స్వాధీనాలను ఆడియో వీడియో రూపంలో చిత్రీకరించాలని 105వ సెక్షన్ ఆదేశిస్తోంది. ఈ రెండూ మేము మనసారా స్వాగతించదగినవి. తెల్లకాగితాలపై పంచ్‌ల చేత సంతకాలు పెట్టించుకునే పంచనామాల కాలం నిజంగా ముగిస్తే అంతకన్నా కావలసిందేమిటి? అయితే నిబంధన కాగితంపై ఉంటే చాలదు. వీడియో తీయలేదంటే ఎందుకు తీయలేదని కోర్టులో అడిగే వకీలు ఉండాలి.

అదే సంహితలో మరో రెండు నిబంధనలు ఉన్నాయి. వాటిని ప్రతి కుటుంబం తెలుసుకోవాలి. 329వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ శాస్త్రీయ నిపుణుని నివేదికను, ఆ నిపుణుడిని కోర్టుకు పిలవకుండానే సాక్ష్యంగా వాడవచ్చు. కోర్టు కోరితే పిలవవచ్చు. అప్పుడు కూడా ఆయన తన బదులు మరో బాధ్యతగల అధికారిని పంపవచ్చు. ఈ నిబంధన పాత చట్టంలోనూ ఉంది. 330వ సెక్షన్ మరో అడుగు ముందుకేసింది. పత్రాలు అందిన 30 రోజులలోగా వాటి ప్రామాణికతను అంగీకరిస్తున్నదీ లేనిదీ ముద్దాయి పక్షం చెప్పాలి. నివేదికను ఏదో ఒక పక్షం వివాదాస్పదం చేస్తే తప్ప నిపుణుడిని కోర్టుకు పిలవరాదు. ఆ గడువును సడలించే అధికారం కోర్టుకు ఉన్నా, అడిగేవారుండాలి కదా.

దీని అర్థమేమిటి? కొడుకు అరెస్టయి, ఇంట్లో పొయ్యి వెలగని రోజులలో, వకీలు ఫీజు కోసం అప్పు వెతుక్కుంటున్న రోజులలో, వందల పేజీల పత్రాల మధ్య ఉన్న ల్యాబ్ నివేదికను ఎవరూ చదవకుండా 'అంగీకరిస్తున్నాము' అని సంతకం పెడితే, ఆ నిపుణుడిని ప్రశ్నించే ప్రధాన అవకాశం అక్కడే చేజారుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్ అంటే నిందితునికి దయతో ఇచ్చేది కాదు. సత్యాన్ని వెలికితీసే సాధనం. దానిని మొదటి నెలలోనే పోగొట్టుకోకూడదు.

కఠిన చట్టాల కింద పెట్టిన కేసులలో ఈ చిక్కు మరింత బిగుసుకుంటుంది. ఉపా చట్టం 43ఈ సెక్షన్ ప్రకారం, ఘటనాస్థలంలో గానీ, ఉగ్రవాద చర్యకు వాడిన ఆయుధాలపై, వాహనాలపై గానీ నిందితుని వేలిముద్రలు ఉన్నాయని నిపుణుని సాక్ష్యం చెబితే, నిందితుడే ఆ నేరం చేశాడని కోర్టు ముందస్తుగా భావించాలి. కాదని రుజువు చేసుకోవలసిన భారం నిందితునిపై పడుతుంది. మాడ్రిడ్ వేలిముద్ర విషయంలో జరిగిన పొరపాటు ఇక్కడ జరిగితే అది రెండు వారాలతో ముగియదు. బెయిలు దశలో సాక్ష్యం చెల్లుతుందా చెల్లదా అన్న లోతైన పరిశీలన చేయరాదని సుప్రీంకోర్టు 2019లో వటాలీ కేసులో చెప్పింది. విచారణ విపరీతంగా జాప్యమైతే రాజ్యాంగ న్యాయస్థానాలు బెయిలు ఇవ్వవచ్చని 2021లో నజీబ్ కేసులో అదే కోర్టు అన్నది నిజమే. కానీ అప్పటికే ఏళ్లు గడిచిపోతాయి. ల్యాబ్ నివేదికలోని లోపం బయటపడే రోజు వచ్చేసరికి యువకుడు నడివయస్కుడవుతాడు. ముంబయి కేసులో నిర్దోషులని తేలినవారు సుమారు 19 ఏళ్లు జైలులో గడిపారు.

ఇది ఉగ్రవాద కేసులకే పరిమితమైన విషయం కాదు. మన ఊళ్లలో, మన రహదారులపై నిత్యం ఎదురయ్యే విషయం. బక్రీదు సమీపిస్తే చాలు, పశువుల బండ్లను, మాంసం వాహనాలను ఆపి కేసులు పెట్టించడం పరిపాటి అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1977లో చేసిన చట్టం ఆవులు, దూడల వధను నిషేధించింది. వధకు తగినవని అధీకృత అధికారి ధ్రువీకరించిన గేదెలు, ఎద్దులకు అనుమతి ఇచ్చింది. కనుక ఆ మాంసం ఏ జంతువుదన్నదే నేరానికీ, నేరం కాకపోవడానికీ మధ్య ఉన్న గీత. ఆ గీత గీయవలసినది గుంపు కాదు, కానిస్టేబుల్ కాదు, శాస్త్రీయ పరీక్ష. ఆ పరీక్ష చేయగల ల్యాబ్ మనకు దూరంలో లేదు. హైదరాబాద్ శివార్లలోని చెంగిచెర్లలో ఉన్న జాతీయ మాంస పరిశోధన సంస్థ మాంసం ఏ జాతి జంతువుదో తేల్చగలదు. కంటిచూపుతో, వాసనతో, రంగుతో ఇచ్చిన ధ్రువీకరణ చాలదని వకీళ్లు గట్టిగా వాదించాలి. పరీక్ష చేయించకుండానే ఏ మాంసం దొరికినా గోమాంసమని చూపుతున్నారని, చట్టాన్ని అమాయకులపై దుర్వినియోగం చేస్తున్నారని 2020 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు ఒక బెయిలు ఉత్తర్వులో వ్యాఖ్యానించింది.

దాద్రి ఉదంతం మరో కోణం చూపుతుంది. 2015 సెప్టెంబరులో ఒక ఇంటిపై గుంపు పడి ఇంటి పెద్దను కొట్టి చంపిన తర్వాత, మాంసం మేకజాతిదన్నట్లు స్థానిక పశువైద్యుని ప్రాథమిక నివేదిక చెప్పింది. మరుసటి ఏడాది బయటికి వచ్చిన మథుర ల్యాబ్ నివేదిక అది గోజాతిదని చెప్పింది. ఒకే నమూనాపై రెండు అభిప్రాయాలు. ఆ నమూనాను ఎక్కడి నుండి సేకరించారన్నదానిపైనే వివాదం. ఆ నివేదిక ఏది చెప్పినా హత్య హత్యే. మాంసం పరీక్ష ఫలితం ఏ హంతకుడికీ సమర్థన కాజాలదు. అయినా దేశమంతటా చర్చ చంపినవారి చేతుల నుండి చనిపోయినవారి వంటగది వైపు మళ్లింది. నిపుణుని నివేదికను అసలు ప్రశ్న నుండి దృష్టి మళ్లించడానికి కూడా వాడవచ్చునని అప్పుడే అర్థమైంది.

డీఎన్‌ఏ విషయంలో సుప్రీంకోర్టు ఇటీవలి సంవత్సరాలలో వేసిన అడుగులు ఆశాజనకమైనవి. 2022 నవంబరులో ఢిల్లీకి చెందిన ఒక అత్యంత దారుణమైన కేసులో ఉరిశిక్షపడిన ముగ్గురిని విడుదల చేస్తూ, నమూనాలు రోజుల తరబడి పోలీసు మాల్‌ఖానాలో పడి ఉన్నాయని, డీఎన్‌ఏ నివేదికకు ఆధారమేమిటో కింది కోర్టులు పరిశీలించలేదని ఎత్తిచూపింది. 2025 జూలైలో తమిళనాడుకు చెందిన మరో కేసులో, డీఎన్‌ఏ నమూనాలు 48 గంటలలోగా ల్యాబ్‌కు చేరాలని, ఎవరి చేతి నుండి ఎవరి చేతికి వెళ్లాయో నమోదు చేసే రిజిస్టరు ఉండాలని దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. ఈ కేసులలోని నిందితుల మతం ఏమిటని ఎవరూ అడగనవసరం లేదు. నియమం బలపడితే అందరికీ బలం.

ఈ మాట అనడం తేలిక, పాటించడం కష్టం. హైదరాబాద్ వాసులకు ఆ కష్టం తెలుసు. 2007 మే 18న జుమా నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. తర్వాతి నెలలలో పాతబస్తీకి చెందిన పలువురు యువకులను పోలీసులు పట్టుకుపోయారు. చిత్రహింసల ఫిర్యాదులు వెల్లువెత్తాయి. వారిపై మోపిన కేసులు కోర్టులో నిలవలేదు. ఆ తర్వాత దర్యాప్తు మరో దిశలో సాగింది. స్వామి అసీమానంద 2010లో మేజిస్ట్రేటు ముందు నేరాంగీకార వాంగ్మూలం ఇచ్చి, అనంతరం దానిని ఉపసంహరించుకున్నారు. 2018 ఏప్రిల్ 16న ఎన్‌ఐఏ ప్రత్యేక న్యాయస్థానం ఆయనతో సహా ఐదుగురినీ విడిచిపెట్టింది. ఆ వాంగ్మూలాన్ని నమ్మదగిన సాక్ష్యంగా స్వీకరించలేదు.

మన హృదయాలు ఆ రోజు గాయపడ్డాయి. ఆ గాయం న్యాయమైనదే. కానీ కస్టడీలో ఇచ్చిన, తర్వాత ఉపసంహరించుకున్న వాంగ్మూలాన్ని ఇతర ఆధారాలు లేకుండా నమ్మరాదని ముంబయి కేసులో మనం కోరుకుంటే, మక్కా మసీదు కేసులో నమ్మమని కోరలేము. దర్యాప్తు ఎందుకు అంత బలహీనంగా సాగింది, ఇతర ఆధారాలు ఎందుకు నిలబడలేదు అని నిలదీయవచ్చు, నిలదీయాలి. ఒక జాతి పట్ల ద్వేషం న్యాయం నుండి మిమ్మల్ని తొలగించరాదన్నది ఖుర్ఆన్ బోధ. అనుమానం మిగిలిన చోట శిక్ష తొలగాలన్నది ఇస్లామీ న్యాయశాస్త్రంలో చిరకాలంగా ఉన్న సూత్రం. మనకు అనుకూలమైనప్పుడు మాత్రమే గుర్తుకువచ్చే సూత్రం సూత్రం కాదు.

ఆ కాలంలో మరో 'విజ్ఞానం' కూడా రాజ్యమేలింది. నార్కో పరీక్ష, లై డిటెక్టర్, మెదడు తరంగాల పరీక్ష. మత్తుమందు ఎక్కించిన మనిషి పలవరింతలు టీవీ తెరలపై సత్యాలుగా ప్రసారమయ్యాయి. 2010 మే 5న సెల్వీ కేసులో సుప్రీంకోర్టు, సమ్మతి లేకుండా ఈ పరీక్షలు జరపడం రాజ్యాంగంలోని 20(3), 21 అధికరణలకు విరుద్ధమని తీర్పు చెప్పింది. నిన్న సైన్స్ పేరుతో చెలామణి అయినది నేడు రాజ్యాంగ విరుద్ధమైంది. నేడు సైన్స్ పేరుతో చెలామణి అవుతున్న దానినీ ప్రశ్నించే హక్కు మనకు ఉంది.

ఆ ప్రశ్న అడగడానికి ముద్దాయి వైపు కూడా ఒక నిపుణుడు ఉండాలి. ప్రాసిక్యూషన్ వెనుక ప్రభుత్వ ల్యాబ్‌లు నిలబడతాయి. ముద్దాయి వెనుక నిలబడేవారెవరు? తెలుగు కవి వరవరరావు కూడా నిందితుడిగా ఉన్న భీమా కోరేగావ్ కేసులో, మరో నిందితుని ల్యాప్‌టాప్‌లోకి మాల్‌వేర్ ద్వారా ఉత్తరాలను చొప్పించారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ సంస్థ 2021లో నివేదిక ఇచ్చింది. ఎన్‌ఐఏ దానిని అంగీకరించలేదు. ఏది నిజమో విచారణలో తేలవలసిందే. కానీ ముద్దాయి పక్షాన ఒక నిపుణుడు చూడకపోతే ఆ ప్రశ్నే తలెత్తేది కాదు. అమెరికా సంస్థ సహాయం అందరికీ దొరకదు. ఆటో నడుపుకునే తండ్రికి, బీడీలు చుట్టే తల్లికి అది అందని పండు.

అందుకే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము కోరేది ఇది. ఫోరెన్సిక్ ల్యాబ్‌లను పోలీసు, హోంశాఖల అదుపు నుండి తప్పించి స్వతంత్ర సంస్థలుగా నిలపండి. న్యాయసేవాధికార సంస్థలు ఉచితంగా వకీలును ఇచ్చినట్లే, అవసరమైన కేసులలో ముద్దాయికి స్వతంత్ర నిపుణుని సహాయం కూడా అందించండి. ప్రతి నమూనా ఎప్పుడు సేకరించారు, ఎప్పుడు సీలు వేశారు, ఎప్పుడు ల్యాబ్‌కు చేరింది అన్న రికార్డు ముద్దాయికి అందేలా చూడండి. ఇవి ఒక వర్గం కోసం అడుగుతున్నవి కావు. దళితుడిపై, ఆదివాసీపై, పేద హిందువుపై తప్పుడు కేసు పడినా ఇవే కాపాడతాయి.

ఇక మన సమాజం చేయవలసినది. కేసు పడిన కుటుంబం మొదట చేయవలసిన పని ఛార్జిషీటుతో పాటు వచ్చిన ప్రతి పత్రం నకలు తీసుకోవడం. అది 230వ సెక్షన్ ఇచ్చిన హక్కు. ఫోను, కంప్యూటర్, మెమొరీ కార్డులలోని సమాచారం కూడా పత్రమేనని, బాధితుల గోప్యత వంటి ప్రత్యేక కారణాలు లేనప్పుడు దాని నకలు ముద్దాయికి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. ఫోను స్వాధీనం చేసుకున్నారంటే 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ ఉందా, అందులో హాష్ విలువ నమోదైందా అని వకీలును అడగాలి. హాష్ విలువ అంటే ఆ సమాచారపు వేలిముద్ర వంటిది. ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారిపోతుంది. ల్యాబ్ నివేదికను చదవకుండా అంగీకరించవద్దని, వివాదాస్పదం చేస్తున్నామని 30 రోజుల గడువులోగా కోర్టులో రాతపూర్వకంగా చెప్పాలని పట్టుబట్టాలి. స్తోమత లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించాలి. కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది.

మన సంస్థలకు, జకాత్ నిధులు సేకరించి పంచే పెద్దలకు మరో మాట. వకీళ్ల ఫీజులకు సహాయం చేయడం పుణ్యకార్యమే. దానితో పాటు మన పిల్లలలో కొందరిని ఫోరెన్సిక్ సైన్స్, జన్యుశాస్త్రం, సైబర్ భద్రత చదివించండి. ఇంజనీరింగు, వైద్యం వైపే చూస్తున్న కళ్లను ఇటు కూడా తిప్పండి. ప్రభుత్వ ల్యాబ్‌లలో నిజాయితీగా పనిచేసేవారూ కావాలి; కోర్టులో ముద్దాయి పక్షాన నిలబడి నిజం చెప్పగలవారూ కావాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనే ఫోరెన్సిక్ సైన్స్ చదివే అవకాశం ఉంది. మన యువ వకీళ్లు డీఎన్‌ఏ నివేదికను, కాల్ డేటా రికార్డును చదవడం నేర్చుకునే శిబిరాలు జిల్లా కేంద్రాలలో జరగాలి.

మేము విజ్ఞానశాస్త్రానికి వ్యతిరేకులం కాము. ప్రశ్నకు నిలబడేదే విజ్ఞానం. ప్రశ్నను సహించనిది అధికారం మాత్రమే. ల్యాబ్‌లో పరీక్షించిన నమూనాను కోర్టులో మరోసారి పరీక్షించమనే మేము అడుగుతున్నాము. ముంబయి రైళ్లలో, మాలేగావ్ వీధిలో, మక్కా మసీదు ప్రాంగణంలో ప్రాణాలు విడిచినవారి కుటుంబాలు ఇంకా ఎదురుచూస్తున్నది ఎవరో ఒకరికి పడే శిక్ష కోసం కాదు. నిజమైన దోషికి, నిలబడే సాక్ష్యంతో, పడే శిక్ష కోసం. ఆ రోజు రావాలంటే నిపుణుడు బోనులోకి వచ్చి జవాబు చెప్పాలి; వకీలు లేచి ప్రశ్న అడగాలి. ఆ ప్రశ్న అడిగించే బాధ్యత ఇకనైనా మనం తీసుకోవాలి.